"అమ్మా, నేను గే" అన్న తరువాతి వాక్యాన్ని తెలుగులో ఎలా రాయాలి? లఘుచిత్రాల ఉపశీర్షికలపై చర్చ

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. మేము కొందరు మిత్రులం రెండు మూడు నెలలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో చేరి, గోడకు తెల్ల దుప్పటి కట్టి, గే జీవితాన్ని చూపించే స్వతంత్ర లఘుచిత్రాలను చూస్తూ ఉంటాము. వచ్చేవారు పదిహేను మందికి మించరు. చిత్రాలు ఎక్కువగా హిందీ, బెంగాలీ, మలయాళ భాషల్లో ఉంటాయి కాబట్టి ఇన్నాళ్ళూ ఇంగ్లీషు ఉపశీర్షికలతోనే సరిపెట్టుకున్నాము. ఈ మధ్య ఇద్దరు సభ్యులు తమ తల్లిదండ్రులను వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టారు. వారికి ఇంగ్లీషు చదవడం రాదు. అందుకని తెలుగు ఉపశీర్షికలు రాసే పని నేను తలకెత్తుకున్నాను.

ఒక సన్నివేశం దగ్గర ఆగిపోయాను. ఒక మిత్రుడు తీసిన పధ్నాలుగు నిమిషాల హిందీ చిత్రం అది. ఇంకా ఉత్సవాలకు పంపుతున్నారు కాబట్టి పేరు చెప్పలేను. వంటింట్లో తల్లి నేల మీద కూర్చుని పళ్ళెంలో బియ్యం ఏరుతూ ఉంటుంది. కొడుకు వచ్చి గడప మీద కూర్చుంటాడు. గడప మీద కూర్చోవద్దని ఆమె అంటుంది, అతను లేవడు. "మా, మై గే హూఁ" అంటాడు. ఆ మాట ఏమిటో తెలియక ఆమె అర్థం అడుగుతుంది. అతను "సమ్‌లైంగిక్" అంటాడు. ఆ మాట ఆమెకు మరీ కొత్త. బియ్యంలో తిరుగుతున్న వేళ్ళు ఆగిపోతాయి. మూడోసారి అతను ఏ పేరూ పెట్టకుండా, తనకు మగపిల్లలే నచ్చుతారని మామూలు మాటల్లో చెబుతాడు. చాలాసేపు నిశ్శబ్దం. తరువాత ఆమె గడప మీంచి లెమ్మని మళ్ళీ అంటుంది. చిత్రం అక్కడితో అయిపోతుంది.

మొదటిసారి నేను రెండో మాటకు "స్వలింగ సంపర్కుడిని" అనీ, మూడో వాక్యానికి "నాకు అబ్బాయిలంటేనే ఇష్టం" అనీ రాసి నలుగురికి చూపించాను. మొదటిది తెర మీద పడగానే గదిలో ఒకరిద్దరు ఇబ్బందిగా కదిలారు, ఎందుకంటే ఆ మాట మనం పత్రికల్లో నేర వార్తల పక్కన చదివిన మాట. రెండోది చదివిన ఒక పెద్దాయన, "ఇష్టం అంటే స్నేహమనా?" అని అమాయకంగా అడిగారు. ఆయన కొడుకు పక్కనే ఉన్నాడు. నేను రాసిన వాక్యం చేయవలసిన పని చేయలేదని నాకు అప్పుడే అర్థమయింది. మీ సలహాలు కావాలి.

అక్షరశిల్పి (హైదరాబాద్)

కృష్ణాతీరం గారూ, ఉపశీర్షికలు రాయడమే నా వృత్తి కాబట్టి ముందు పనితనం సంగతి చెబుతాను. ఒకసారి తెర మీద రెండు వరుసలకు మించి ఉంచకండి. వరుసకు నలభై అక్షరాల లోపు ఉంటే మంచిది. తెలుగులో మరో చిక్కు ఉంది. మన ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. వరుసల మధ్య ఎడం తక్కువైతే పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడిని తాకి రెండూ చదవరాకుండా పోతాయి. "స్వలింగ సంపర్కుడిని" అన్నది పై వరుసలో ఉంటే ఈ ఇబ్బంది మీకు వెంటనే కనిపిస్తుంది. ఫాంటు మార్చే ముందు వరుసల ఎడం పెంచి చూడండి.

మీ సన్నివేశంలో మూడు మాటలు ఒకే మాటకు అనువాదాలు కావు, మూడు మెట్లు. మొదటి మాట కొడుకు తన స్నేహితుల మధ్య వాడే మాట. రెండోది పుస్తకంలోంచి తెచ్చిన మాట. మూడోదానికి వచ్చేసరికి అతను అమ్మ భాషలోకి వచ్చాడు. కాబట్టి రెండో చోట మాట బరువుగా, పరాయిగా ఉండటం తప్పు కాదు, ఉండాలి కూడా. అక్కడ మీరు మృదువైన మాట పెడితే తల్లికి ఎందుకు అర్థం కాలేదో ప్రేక్షకుడికి తెలియదు. మీ శ్రమంతా మూడో వాక్యం మీద పెట్టండి.

గోల్కొండ గల్లీ (హైదరాబాద్)

అక్షరశిల్పి గారి విశ్లేషణ నాకు చాలా నచ్చింది, కాని ఒక్క విషయంలో విభేదిస్తాను. "సమ్‌లైంగిక్" అన్న హిందీ మాటకు సమానమైన మాట "స్వలింగ సంపర్కుడు" కాదు. హిందీ మాటలో లింగం ఉంది గాని సంపర్కం లేదు. తెలుగు పత్రికలు ఎన్నో ఏళ్ళుగా అలవాటుగా వాడుతున్న మాట మనిషిని అతని పడక దగ్గరే ఆపేస్తుంది. ఒక స్త్రీని ప్రేమించే పురుషుడిని మనం ఎప్పుడైనా "పరలింగ సంపర్కుడు" అని పరిచయం చేశామా? తల్లికి అర్థం కాని మాటే కావాలంటే "స్వలింగాభిమాని" వంటిది పెట్టవచ్చు. అది పరాయిగా ఉంటుంది గాని అవమానించదు.

ఈ చిక్కు మన దేశంలో ఈ చిత్రాలు పుట్టిన నాటి నుంచీ ఉన్నదే. 1996లో రియాద్ వాడియా తీసిన 'బాంగే' అన్న పన్నెండు నిమిషాల చిత్రాన్నే భారతదేశపు తొలి గే చిత్రంగా చాలామంది చెబుతారు. అది ఆర్. రాజ్ రావ్ ఇంగ్లీషు కవితల మీద నిలబడింది. అంటే తొలి చిత్రమే తన మాటలను ఇంగ్లీషులోంచి తెచ్చుకోవలసి వచ్చింది. 2003లో శ్రీధర్ రంగాయన్ తీసిన 'గులాబీ ఆయినా' హిందీలో మాట్లాడింది, సెన్సార్ బోర్డు దానికి ధ్రువపత్రమే ఇవ్వలేదు. 2017లో ఫరాజ్ ఆరిఫ్ అన్సారీ 'సిసక్' తీస్తూ మాటలనే పూర్తిగా వదిలేశారు. ముంబయి లోకల్ రైల్లో ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు చూసుకోవడమే ఆ చిత్రం. ఆ మౌనాన్ని నేను ఎంత ప్రేమిస్తానో, అంత బాధా పడతాను. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్ అప్పటికి ఇంకా అమలులోనే ఉంది. నోరు విప్పడం నేరాన్ని ఒప్పుకోవడంతో సమానమైన కాలంలో మౌనమే అత్యంత నిజాయితీ గల సంభాషణ అయి ఉండవచ్చు.

హన్సల్ మెహతా 'అలీగఢ్' లఘుచిత్రం కాకపోయినా ఇక్కడ చెప్పుకోవాలి. అది ఆచార్య రామచంద్ర సిరాస్ నిజ జీవిత కథ. ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించేవారు. 2010లో ఆయన మరో పురుషుడితో ఉన్నప్పుడు కొందరు ఆయన ఇంట్లోకి కెమెరాతో చొరబడ్డారు. విశ్వవిద్యాలయం ఆయనను సస్పెండ్ చేసింది. అలహాబాద్ హైకోర్టు ఆయన పక్షాన నిలిచిన కొద్ది రోజులకే ఆయన మరణించారు. తన మనసులోని భావాన్ని మూడు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరైనా ఎలా ఇమిడ్చగలరన్న ప్రశ్నను చిత్రంలో ఆ పాత్ర వేస్తుంది. కవిత్వం రాసుకున్న ఒక భాషా ఆచార్యుడి నోట ఆ ప్రశ్న రావడం నన్ను ఇప్పటికీ వదలదు.

తూర్పుగాలి (అనకాపల్లి)

ఇక్కడ అందరూ "గే" అన్న మాటను కొడుకు సహజంగా వాడే మాటగా తీసుకుంటున్నారు. అది ఏ కొడుకు? మా ఊరి బెల్లం మార్కెట్లో హమాలీ పని చేసే మిత్రుడికి ఆ మాట తెలియదు. మాలో మాకు "కోతి" (ఆడతనం కనబరిచే మగవాడు), "పంతి" (అతని మగ జోడీ) అన్న మాటలున్నాయి. హెచ్.ఐ.వి. నివారణ కార్యక్రమాలు మా మధ్యకు వచ్చినప్పుడు మా పేర్లు రిజిస్టరులో "ఎం.ఎస్.ఎం." (మగవారితో శారీరక సంబంధం ఉన్న మగవారు) అయ్యాయి. 2001లో ఢిల్లీ హైకోర్టులో 377 మీద నాజ్ ఫౌండేషన్ వేసిన కేసు కూడా ఆ నివారణ పనిలోంచే పుట్టింది. నిజం చెప్పాలంటే మాకు హక్కుల మాట కంటే ముందు ఆరోగ్యం మాట వచ్చింది.

చిత్రాల్లో మాత్రం ఎప్పుడూ అద్దాల కిటికీల ఫ్లాటు, పుస్తకాల అర, కాఫీ కప్పు. నీరజ్ ఘైవాన్ 'గీలీ పుచ్చీ' చూసినప్పుడు నాకు మొదటిసారి ఊపిరి ఆడింది. అది ఇద్దరు స్త్రీల కథ. కర్మాగారంలో పనిచేసే దళిత స్త్రీకి, ఆఫీసులో కూర్చునే బ్రాహ్మణ స్త్రీకి మధ్య కలిగిన దగ్గరితనాన్ని కులం ఎలా చీల్చిందో, స్టీలు గ్లాసు ఒక్కటి పెట్టి చూపించారు. అలాంటి చిత్రం తెలుగులో ఇద్దరు మగవాళ్ళ మీద రావాలి.

ఇక ఉపశీర్షిక సంగతి. మీ చిత్రంలో కొడుకు చదువుకున్నవాడైతే "గే" ఉంచండి, నాకు అభ్యంతరం లేదు. మూడో వాక్యం మాత్రం మా మార్కెట్లో మనిషి కూడా తన తల్లితో చెప్పుకోగలిగేలా ఉండాలి. "ఆకర్షణ", "భావన" వంటి మాటలు పెట్టకండి.

రంగస్థలం (తెనాలి)

నేను ఈ వేదికలో అందరికంటే పెద్దవాణ్ణి కావచ్చు. యాభై ఏళ్ళ పాటు పద్యనాటకాల చుట్టూ తిరిగాను. చాలామంది నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు: స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చాయి, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం చూసి స్త్రీలే నడక నేర్చుకున్నారు, మరి మన సంస్కృతిలో ఇది ఎప్పటినుంచో ఉన్నట్టే కదా అని. కాదని నేను గట్టిగా చెబుతాను. స్త్రీ వేషం కట్టడం ఒక విద్య. కూచిపూడిలో అది కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవారికి పరంపరగా వచ్చిన విద్య. ఆ నటులు ఇంటికి వెళ్ళి పంచె కట్టుకుంటే గృహస్థులే. వారి గౌరవాన్ని తెచ్చి ఇక్కడ అప్పుగా వాడుకుంటే వారికీ న్యాయం జరగదు, మీకూ జరగదు.

అయితే నాటకంలోనూ నాలాంటి వారు ఉన్నారు. నా యవ్వనంలో మా సమాజంలో హార్మోనియం వాయించే ఒకరితో నాకు ముప్పయి ఏళ్ళ అనుబంధం. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. మా బంధానికి మేము ఏనాడూ పేరు పెట్టుకోలేదు. ఆయన పోయినప్పుడు నేను శ్మశానంలో స్నేహితుల వరుసలో నిలబడ్డాను. ఈ మాట ఒక చోట రాయడం నాకు ఇదే మొదటిసారి.

బెంగాల్‌లో జాత్రా అనే జానపద నాటక వేదిక మీద స్త్రీ పాత్రలు వేసిన చపల్ భాదురి గారి మీద నవీన్ కిశోర్ 1999లో ఒక డాక్యుమెంటరీ తీశారు. శీతలాదేవి వేషం కట్టుకుంటూ ఆయన తన జీవితం చెబుతారు, తాను ప్రేమించిన పురుషుడి గురించి కూడా. వేషం వేరు, ప్రేమ వేరు అని ఆయన జీవితం ఎంత స్పష్టంగా చూపిస్తుందో, ఒకే మనిషిలో రెండూ ఉండగలవని కూడా అంత స్పష్టంగా చూపిస్తుంది. మన వైపు అలాంటి వృద్ధులను ఎవరైనా కూర్చోబెట్టి కెమెరా ముందు మాట్లాడించాలి. ఆలస్యం చేయకూడదు.

కృష్ణాతీరం (విజయవాడ)

రంగస్థలం గారూ, మీరు రాసినదానికి ఏమని బదులివ్వాలో తెలియడం లేదు. మీ తెనాలి మాకు గంట ప్రయాణం. మీకు అభ్యంతరం లేకపోతే మా తరువాతి ప్రదర్శనకు రండి, లేదా మమ్మల్నే రమ్మనండి.

పడమటి వీధి (కర్నూలు)

ఎవరి మనసూ నొప్పించాలని కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను. ఇలాంటి చిత్రాలను తల్లిదండ్రులను కూర్చోబెట్టి చూపించడం చట్టరీత్యా సరైనదేనా? సెన్సార్ లేని చిత్రాలు కదా. పైగా ఇంటి విషయాన్ని ఇంట్లో నెమ్మదిగా చెప్పుకోవచ్చు గాని, గోడ మీద బొమ్మలో చూపించి చెప్పడం వారిని ఇరుకున పెట్టడం కాదా?

నల్లకోటు (విశాఖపట్నం)

పడమటి వీధి గారి మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ధ్రువపత్రం కోరేది బహిరంగ ప్రదర్శనకు. మిత్రులు ఇంట్లో చేరి చూసుకోవడం దాని కిందికి రాదు. చలనచిత్రోత్సవాల వారు కేంద్ర సమాచార, ప్రసార శాఖ నుంచి మినహాయింపు తీసుకుంటారు. ముంబయిలో 2010 నుంచి జరుగుతున్న కశిశ్ ఉత్సవం వంటివి ఎన్నో చిన్న చిత్రాలకు ఆ దారిలోనే తెర దొరికేలా చేశాయి.

విషయం సంగతి కూడా ఒకసారి గుర్తు చేసుకుందాము. 377వ సెక్షన్ విషయంలో 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరటను 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీసేసింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెద్దల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని ఏకగ్రీవంగా తేల్చింది. పెళ్ళి మాట వేరు. హైదరాబాదులో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ పేర్లతో నడిచిన కేసులో 2023 అక్టోబరు 17న కోర్టు ఆ హక్కును గుర్తించలేదు. కాబట్టి ఈ రోజు ఇద్దరు మగవాళ్ళు కలిసి బతకవచ్చు, చట్టం వారిని దంపతులని మాత్రం అనదు. మీ చిత్రంలో తల్లి మౌనంలో ఈ ప్రశ్న కూడా ఉండి ఉంటుంది. ఆమె అడగబోయేది బహుశా "అయితే నీ పెళ్ళి?" అనే.

చెన్నపట్నం తెలుగు (చెన్నై)

మాటల గురించి తమిళ అనుభవం ఒకటి చెబుతాను, ఉపయోగపడవచ్చు. తమిళంలోనూ పత్రికల మాట చాలాకాలం "ఓరినచ్చేర్కై" అనే ఉండేది. చేర్కై అంటే కలయిక, అంటే మన సంపర్కమే. తరువాత ఉద్యమంలో ఉన్నవారు "తన్‌పాలీర్పు" అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. ఈర్పు అంటే ఆకర్షణ. క్రియను తీసేసి మనసును పెట్టడమే వారు చేసిన మార్పు. 2021లో ఇద్దరు యువతులు రక్షణ కోరుతూ వేసిన కేసులో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ తనకు ఈ విషయం తెలియదని ఒప్పుకుని, నేర్చుకుని తీర్పు రాశారు. ఆ కేసు కొనసాగింపులోనే 2022లో తమిళనాడు ప్రభుత్వం గౌరవంగా వాడదగిన మాటల పట్టికను గెజెట్‌లో ప్రచురించింది. తెలుగులో ఈ పని ఎవరు మొదలుపెట్టినా, పద్నాలుగు నిమిషాల చిత్రానికి ఉపశీర్షిక రాసేవారు పడే ఈ తర్జనభర్జనలే దానికి ముడిసరుకు అవుతాయి.

దూరపు చుక్క (డాలస్)

నేను పదకొండేళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాను. మీ చర్చ అంతా నామవాచకాల మీద నడుస్తోంది. నా అనుభవంలో మన భాష మనల్ని పట్టిచ్చేది క్రియాపదంతో. ఇంగ్లీషులో "పార్ట్‌నర్" అని ఊరుకోవచ్చు. తెలుగులో అమ్మతో ఫోనులో మాట్లాడుతూ "తను" అని మొదలుపెట్టినా, వాక్యం పూర్తయ్యేసరికి "వచ్చాడు" అనో "వచ్చింది" అనో తేల్చి చెప్పవలసిందే. అందుకని నేను ఆరేళ్ళ పాటు "తను వస్తానన్నారు", "తను వండారు" అంటూ గౌరవవాచకంలో దాక్కున్నాను. "ఎవర్రా అంత గౌరవం ఇస్తున్నావు, మీ ఆఫీసరా?" అని మా అమ్మ ఒకసారి అడిగింది. ఉపశీర్షికలు రాసేవారు ఈ సంగతి గమనించాలి: ఒక పాత్ర తన ప్రియుణ్ణి దాచిపెడుతున్న సన్నివేశంలో "అన్నాడు" అని రాస్తే దాపరికం పోతుంది, "అన్నారు" అంటే నిలుస్తుంది.

మరొకటి "రా". ఇద్దరు తెలుగు మగవాళ్ళు స్నేహితులైతే "ఒరేయ్", "రారా", "తిన్నావారా" అని పిలుచుకుంటారు. నేనూ నా సహచరుడూ రెండేళ్ళు అలాగే మాట్లాడుకున్నాము. ఒక రాత్రి అతనికి జ్వరం తగిలింది. నేను మందు ఇస్తూ "తిన్నావా?" అన్నాను. చివరి అక్షరం లేదు. ఇద్దరమూ అది విన్నాము, ఇద్దరమూ ఏమీ అనలేదు. మా మధ్య ప్రేమ మొదలైన రోజు ఏదని ఎవరైనా అడిగితే నేను ఆ రాత్రినే చెబుతాను. హిందీ చిత్రంలో "ఆప్, తుమ్, తూ" అన్న మూడు మెట్లు ఉంటే, మనకు ఆ మెట్లు క్రియ చివర ఉన్నాయి. వాటిని వాడుకోండి.

గోల్కొండ గల్లీ (హైదరాబాద్)

దూరపు చుక్క గారూ, మీరు చెప్పిన ఆ ఒక్క అక్షరం మీద ఒక లఘుచిత్రం తీయవచ్చు. ఒకే గది, ఒక మంచం, ఒక మందుల పొట్లం చాలు. నేను తీసిన ఏకైక చిత్రంలో నటుల కోసం నాలుగు నెలలు తిరిగాను. ఒప్పుకున్న ఇద్దరిలో ఒకరు చిత్రీకరణ ముందు రోజు, "మా ఊళ్ళో చూస్తే చెల్లి పెళ్ళి ఆగిపోతుంది" అని తప్పుకున్నారు. ఆయనను నేను ఏనాడూ తప్పు పట్టలేదు. చివరికి ఆ పాత్ర ముఖం కనిపించకుండా, చేతులు మాత్రమే కనిపించేలా చిత్రాన్ని మళ్ళీ రాసుకున్నాను. చొక్కా బొత్తాలు పెట్టే చేతులు, టమాటాలు తరిగే చేతులు. చూసినవారు దాన్ని శైలి అనుకుని మెచ్చుకున్నారు. అది మాకు ఉన్న భయం.

గౌతమి (రాజమహేంద్రవరం)

నేను సినిమాల గురించి తెలిసినదాన్ని కాదు. నా కొడుకు ఈ చర్చ చదివి, "అమ్మా, నువ్వు రాయాలి" అని పంపాడు. పడమటి వీధి గారు అడిగిన రెండో ప్రశ్నకు నేనే సాక్ష్యం కాబట్టి రాస్తున్నాను.

మా వాడు నాకు చెప్పిన రోజు నేను చింతపండు గింజలు తీస్తున్నాను. అంతకు నెల ముందు ఒక సంబంధం వచ్చింది, ఫొటో కూడా వాడికి పంపాము. వాడు సెలవు పెట్టి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, తనూ రెండు గింజలు తీసి, "ఈ సంబంధం వద్దని చెప్పమ్మా, నేను మనసుపడేది అబ్బాయిల మీదే" అన్నాడు. ఇంగ్లీషు మాట గాని, పత్రికల్లో మాట గాని ఏదీ అనలేదు. నాకు అర్థం కాలేదని చెప్పలేను. పూర్తిగా అర్థమయింది. మనసుపడటం అంటే ఏమిటో ప్రతి ఆడదానికీ తెలుసు. ఆ రోజు నేను మంచిగా మాట్లాడలేదు. మూడు నెలలు వాడి ఫోను తీయలేదు. వాడి తండ్రి లేరు, నేను ఎవరితో చెప్పుకోను?

తరువాత వాడు నాకు ఒక చిన్న చిత్రం ఫోనులో పంపాడు. ఇద్దరు అబ్బాయిలు ఇల్లు అద్దెకు అడుగుతూ తిరుగుతారు, "బ్యాచిలర్స్‌కు ఇవ్వము" అని అందరూ తలుపు వేస్తారు, అంతే కథ. ఏ భాషో నాకు తెలియదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతున్నాయి. నేను వాటిని వదిలేసి వాళ్ళ ముఖాలు చూశాను. ఎండలో తిరిగి తిరిగి, ఆఖరికి ఒక మెట్టు మీద కూర్చుని ఒకే నీళ్ళ సీసా తాగుతారు. నా కొడుకు కూడా ఎక్కడో అలా కూర్చుని ఉంటాడనిపించింది. ఆ రాత్రే ఫోను చేశాను. కాబట్టి పడమటి వీధి గారూ, ఇరుకున పడటం నిజమే, కాని నేను ఒంటరిగా పడిన ఇరుకు కంటే అది నయం. కింద తెలుగు అక్షరాలు ఉండి ఉంటే ఆ మూడు నెలల్లో ఒక నెల తగ్గేదేమో.

ఇప్పుడు వాడితో ఉండే అబ్బాయి పండుగకు మా ఇంటికి వస్తాడు. చుట్టాలకు ఏమని చెప్పాలో మొదట తెలిసేది కాదు. "రూమ్మేట్" అని వాడు చెప్పమనేవాడు. నాకు నచ్చలేదు, అద్దె పంచుకునే మనిషికి నేను బట్టలెందుకు పెడతాను? ఇప్పుడు "మా వాడి మనిషి" అంటాను. అడిగినవారికి కావలసినంత అర్థమవుతుంది.

తూర్పుగాలి (అనకాపల్లి)

అమ్మా, మా మార్కెట్లో మిత్రుడు పక్కన కూర్చుని ఉంటే ఇది చదివి వినిపించాను. "మనసుపడటం" అన్నచోట మళ్ళీ చదవమన్నాడు.

అక్షరశిల్పి (హైదరాబాద్)

గౌతమి గారి వాక్యం వృత్తిరీత్యా కూడా సరైనది. స్నేహమా అన్న సందేహం ఉండదు, ఎందుకంటే స్నేహితుల మీద ఎవరూ మనసుపడరు. పడక వాసన లేదు. ఒక వరుసలో సరిపోతుంది. ఒత్తుల గొడవా లేదు.

ఇక చివరి వాక్యం గురించి ఒక హెచ్చరిక. గడప మీంచి లెమ్మని తల్లి అన్నచోట "లోపలికి రా" అని చేర్చాలని మీకు అనిపిస్తుంది. చేర్చకండి. మూలంలో ఆమె ఆ మాట అనలేదు. ఆమె ఏ అర్థంతో లెమ్మన్నదో తేల్చవలసింది చూసేవారు, మనం కాదు.

కృష్ణాతీరం (విజయవాడ)

నిన్న రాత్రి ప్రదర్శన జరిగింది. పన్నెండు మంది వచ్చారు; రంగస్థలం గారు తెనాలి నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. మొదటి చోట "గే" ఉంచాను. రెండో చోట గోల్కొండ గల్లీ గారి మాట విని పత్రికల మాట తీసేశాను, "స్వలింగాభిమానిని" అని పెట్టాను. మూడో చోట, గౌతమి గారి అనుమతితో, "నేను మనసుపడేది అబ్బాయిల మీదేనమ్మా" అని రాశాను. కిందటిసారి ప్రశ్న అడిగిన పెద్దాయన ఈసారి ఏమీ అడగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

చివరి వాక్యం దగ్గర మాత్రం రెండు రోజులు తటపటాయించాను. అక్షరశిల్పి గారు చెప్పినట్టు ఏదీ చేర్చలేదు. కాని హిందీలో ఆమె "ఉఠ్" అన్నది, తెలుగులో అది "లే" కావచ్చు, "లేరా" కావచ్చు. "లే" అంటే కోపమూ కావచ్చు. గౌతమి గారికి ఫోను చేసి అడిగాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, సన్నివేశం మొదట్లో అతను వచ్చి కూర్చోగానే తల్లి ఏమన్నదని అడిగారు. అక్కడ నేను "గడప మీద కూర్చోకురా" అని రాశాను. అయితే ఇప్పుడు మాత్రం ఆ అక్షరం ఎందుకు పోవాలి అన్నారు.

"గడప మీంచి లేరా" అనే ఉంచాను.